మంచుకోటలో తొంభై ఆరు డిగ్రీలు

కేసు విప్పమని పిలిస్తే మధురానగర్ నుంచి ఆటో ఎక్కి వచ్చిన డిటెక్టివ్ పరబ్రహ్మానికి, విప్పాల్సిన కేసు నాలుగు మరలు బిగించిన ఇనుప పెట్టె అని ఫిల్మ్ నగర్ చేరేదాకా తెలియదు.

నల్లగా, నిటారుగా, ముందు భాగాన నీలం దీపాలతో అది గ్రాఫిక్స్ గదిలో బల్ల పక్కన నిలబడి ఉంది. ఆటలాడుకునే కుర్రాళ్ల కోసం పుట్టిన కంప్యూటర్. లోపలున్న గ్రాఫిక్స్ కార్డు మహా గట్టిదని సినిమావాళ్లు తెచ్చుకున్నారు. ఆటల కోసం పుట్టిందాన్ని పాటలకీ, ఫైట్లకీ వాడేసరికి అది నిన్న మధ్యాహ్నం ఆట కట్టేసింది.

"రేషన్ కార్డు పోయిందని వచ్చినవాళ్లున్నారు. పెళ్లి కార్డులో పేరు మారిందని వచ్చినవాళ్లున్నారు. కార్డుకి జ్వరం వచ్చిందని పిలిచింది మీరే," అన్నాడు పరబ్రహ్మం.

నిర్మాత వెంకటనర్సయ్య నవ్వలేదు. ఆయన బోరుబావుల కాంట్రాక్టులో సంపాదించి సినిమాల్లోకి వచ్చాడు. మొదటి సినిమా బోరు అని జనం అంటే, తన పాత వృత్తిని గుర్తుపెట్టుకున్నారని సంతోషించిన మనిషి.

"జర మజాక్ బంద్ జెయ్యి సార్. 'మంచుకోట మొనగాడు' నా మూడో పిక్చర్. ఆఖర్ల మంచుకోట మొత్తం కరిగి హీరో మీద వడాలె. గా షాటు గీ డబ్బలనే తయారైతది. పొద్దుగాల మంచిగ నడుస్తది. అందరు బువ్వ తినొచ్చెటాల్లకు తెర మీద పచ్చగీతలు, దబ్బున బంద్. వారం సంది ఇదే కథ. సోమవారం ల్యాబుకియ్యాలె. ఇయ్యకుంటే కూలేది మంచుకోట గాదు, నా కొంప."

"అంటే తెర మీద మంచు, పెట్టెలో మంట."

"ఆ మంట పెట్టింది ఎవరో నేను ఆల్రెడీ కనిపెట్టేశాను అంకుల్," అంది తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు.

తిరుమలేశ్. బంజారా హిల్స్‌లో అద్దాల ఆఫీసు, మెడలో టై, చంకలో లాప్‌టాప్. పరబ్రహ్మం పట్టుకున్న మూడు కేసుల్ని మధ్యలో పట్టుకుపోయిన ఘనుడు. టై మీద ఎగ్ పఫ్ పొరలు రెండు అంటుకుని ఉన్నాయి. ఆ పొరలు దులుపుకుంటూనే లోపలికి వచ్చాడు.

"ఇతను కూడా మనోడే," అన్నాడు వెంకటనర్సయ్య. "పిక్చర్ మొత్తం గీ డబ్బలనే ఉన్నది గదా. దొంగ కాపీలు బయటికి పోవద్దని పది రోజుల కింద ఇతన్ని పెట్టుకున్న. గా ఎనకాల చిన్న పుల్ల లెక్క గుచ్చిండు సూడు. అది సెక్యూరిటీ తాళమట."

"ఒక ఒరలో రెండు కత్తులా?" అని అడగబోయి, తన కత్తి మొద్దుబారిందని తనకే గుర్తొచ్చి పరబ్రహ్మం ఊరుకున్నాడు.

తిరుమలేశ్ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. అడుగున చిటికెడు పసుప్పచ్చ పొడి.

"పెట్టె కింద దొరికింది. గంధకం! లోపల చల్లితే కార్డు ఉడికిపోతుంది. ఈ గదిలో పనిచేసేది ఒక్కరే. పోటీ సినిమావాళ్లతో చేతులు కలిపింది కూడా ఆ ఒక్కరే. మధ్యాహ్నం మూడింటికి ఎస్సై గారొస్తారు, అమ్మాయిని అప్పజెబుదాం. మిషన్ సంగతి నేను మా మనిషితో చూపిస్తాను. అది ఆగకుండా నడవాలి, అంతే."

ఆ ఒక్క మనిషీ మూల కుర్చీలో కూర్చుని ఉంది. పేరు మైత్రేయి. మాదాపూర్‌లో ఏసీ కొలువులన్నీ రారమ్మంటున్న రోజుల్లో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి సినిమా గ్రాఫిక్స్‌కి వచ్చింది. ఈ సినిమాతో తెర మీద మొదటిసారి తన పేరు పడాలి. ఎస్సై వచ్చేలోగా పరబ్రహ్మం ఏదో ఒకటి తేల్చకపోతే ఆ పేరు పడేది తెర మీద కాదు, స్టేషన్‌లో.

పరబ్రహ్మం కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"గేములు ఆడతావా అమ్మా?"

"ఆడతాను సార్. ఇంట్లో. దీంట్లో ఎప్పుడూ లేదు."

"కార్డు ఎంత వేడెక్కుతోంది?"

"ఖాళీగా ఉంటే నలభై ఐదు డిగ్రీలు. పని చేస్తుంటే డెబ్భై. భోజనం చేసొచ్చేసరికి తొంభై ఆరు. ఇంకాస్త పెరగ్గానే ఆరిపోతుంది."

"వైద్యం ఏం చేశావు?"

"అన్నీ చేశాను సార్. చిప్ మీద చల్లదనం కోసం పూసే పేస్టు మార్చాను. రోజూ సాయంత్రం బల్ల మీద పడుకోబెట్టి, పక్క రేకు తీసి, బ్లోయర్‌తో దుమ్ము ఊదాను. ఏసీ పదహారుకి పెట్టాను. నేను స్వెట్టర్ వేసుకుంటున్నాను, దానికి మాత్రం చెమటలు పడుతున్నాయి."

"దానికి ఫ్యాన్ ఉంటుందిగా?"

"ఉంది సార్. రేకు తీసి చూసిన ప్రతిసారీ బ్రహ్మాండంగా తిరుగుతోంది. తెర మీద కూడా నూరు శాతం అని చూపిస్తోంది."

"హీరోకి లక్షమంది ఫ్యాన్లు, కంప్యూటర్‌కి ఒకే ఒక్క ఫ్యాను. పాపం, తిరుగుతోంది కూడా." పరబ్రహ్మం బుర్ర గోక్కున్నాడు. "ఇంకా?"

"బుధవారం ఆ తాళం పుల్ల తీసి ఇక్కడే పెట్టి, ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని మా ఇంటికి తీసుకుపోయాను. మా ఇంట్లో ఏసీ లేదు. కిటికీలోంచి ఎండ నేరుగా పడుతుంది. రోజంతా నడిపాను, డెబ్భై దాటలేదు. గురువారం ఇక్కడికి తెచ్చాను. మధ్యాహ్నానికి మళ్లీ చచ్చింది."

పరబ్రహ్మం లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఆలోచన మాత్రం ఎటూ తిరగలేదు. ఎండలో చల్లగా ఉండి ఏసీలో కాలిపోయే వస్తువు ప్రపంచంలో ఏముంటుంది? తన మామగారు గుర్తొచ్చారు. ఆయన కూడా బజార్లో చల్లగా ఉండి ఇంట్లోకి రాగానే మండిపడేవారు. కానీ ఆయనకి ఫ్యాను లేదు.

"దీని పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"నాకు. సెక్యూరిటీ కోసమంటే తిరుమలేశ్ గారికి చెప్పాను."

"మధ్యాహ్నం మీరంతా ఎక్కడ తింటారు?"

"పక్క గదిలో. నర్సయ్య గారే పిలుస్తారు సార్. కంచం ముందు నుంచి లేవనివ్వరు, కడుపునిండా తినాల్సిందే."

"ఆయన మీతో తింటారా?"

"మాకు వడ్డించి, ఫోన్ మాట్లాడొస్తానని వెళ్తారు."

వెంకటనర్సయ్య గట్టిగా దగ్గాడు. "ఏసీకి గొంతు వట్టింది," అన్నాడు, అడక్కుండానే.

"టైమ్ వేస్ట్ అంకుల్," అన్నాడు తిరుమలేశ్ వాచీ చూసుకుంటూ. "మీ కాలంలో చెప్పుల జాడ చూసి దొంగని పట్టుకునేవారు. ఇది టెక్నాలజీ. అమ్మాయికి టెక్నాలజీ తెలుసు, కాబట్టి అమ్మాయే దొంగ."

"నీకూ తెలుసుగా నాయనా?"

తిరుమలేశ్ నవ్వాడు. ఆ నవ్వు టై కన్నా బిగుతుగా ఉంది.

పరబ్రహ్మం ప్లాస్టిక్ కవరు అందుకుని మూతి విప్పాడు. ముక్కు లోపలికి పెట్టి గుండెలనిండా పీల్చాడు. మైత్రేయి భయపడింది. గంధకం పీలిస్తే మనిషి ఉంటాడా? పరబ్రహ్మం ఉన్నాడు. పైగా ముఖంలో ఒక రకమైన ఆకలి కనిపించింది.

"గంధకం కాదయ్యా తిరుమలేశూ. ఇందులో నెయ్యి వాసనుంది. నెయ్యితో కంప్యూటర్‌ని కాల్చాలనుకునే దొంగ ఎవడైనా ఉంటే వాడు దొంగ కాదు, వంటవాడు." మైత్రేయి వైపు తిరిగాడు. "బ్లోయర్‌తో ఊదినప్పుడు దుమ్ములో ఇలాంటిది కనిపించిందా?"

"పసుపు నలుసులు వచ్చేవి సార్. కొన్నప్పుడు పూజ చేశారు కదా, అప్పటి పసుపు అనుకున్నాను. ఆ రోజు కొబ్బరికాయ కొడితే నీళ్లు కీబోర్డులో పడి అది కాలిపోయింది. ఇక దీని దగ్గరికి పూజ సామాను రానివ్వనని నర్సయ్య గారు నా చేతిలో చెయ్యేసి ఒట్టేశారు."

పరబ్రహ్మం కళ్లు సగం మూసుకున్నాడు. రోజూ సాయంత్రం బల్ల మీద పడుకోబెట్టింది. మర్నాడు పొద్దున్న బాగా నడిచింది. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టింది. ఇంట్లో బాగా నడిచింది. ఈ పెట్టెకి పడుకుంటే నయమైపోయే జబ్బేదో ఉంది. తనకీ ఆదివారాలు అలాంటి జబ్బే వస్తుంది.

"నిన్న ఆరిపోయాక దీన్ని ఎవరైనా కదిలించారా?"

"లే," అన్నాడు వెంకటనర్సయ్య. "మీరొచ్చేదాక ముట్టద్దని తాళమేసిన."

"అయితే ఇవాళ దీన్ని పడుకోబెట్టొద్దు. నిలబెట్టే ఆపరేషన్ చేద్దాం. అమ్మా, స్క్రూడ్రైవర్. టార్చీ."

మరలు ఒక్కొక్కటే ఊడాయి. పక్క రేకు వచ్చింది. టార్చి వెలుగు లోపలికి పడింది. పెట్టె నెత్తిన జల్లెడలాంటి చిల్లుల రేకు. దాని కింద గ్రాఫిక్స్ కార్డు అడ్డంగా పరుచుకుని ఉంది.

"మామూలు పెట్టెల్లో కార్డు ఫ్యాను కిందికి చూస్తుంది సార్," అంది మైత్రేయి. "ఈ మోడల్లో అమరిక తలకిందులు. పైకి చూస్తుంది."

"అంటే నోరు తెరుచుకుని ఆకాశం కేసి చూస్తోందన్నమాట. స్విచ్ వెయ్యి."

పెట్టెలో ఎక్కడెక్కడివో చిన్న ఫ్యాన్లు గిరగిరా తిరిగాయి. కార్డు ఫ్యాను మాత్రం ఒక్కసారి గింజుకుని ఆగిపోయింది. తెర మీద చూస్తే నూరు శాతం అనే ఉంది.

"తిరగట్లేదు!" మైత్రేయి గొంతు పైకి లేచింది. "మరి నూరు శాతం అంటోందేంటి?"

"తిరగమని నూరు శాతం చెప్పానంటోంది తల్లీ. తిరిగిందని చెప్పలేదు. మా ఆవిడ నాకు పనులు చెప్పే పద్ధతి ఇదే."

స్విచ్ తీయించి, టార్చి దగ్గరగా పెట్టాడు. ఫ్యాను రెక్కకీ చట్రానికీ మధ్య సందులో, పెట్టెని పడుకోబెడితే జారిపోయే చోట, ఒక పసుప్పచ్చ గింజ ఇరుక్కుని ఉంది. పక్కనే ఇంకో రెండు నేతిజిడ్డుతో అతుక్కుని ఉన్నాయి. మైత్రేయి కనుబొమ్మలు తీసే పట్టకారు ఇచ్చింది. పరబ్రహ్మం గింజని పైకి తీసి అందరికీ చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ వేళ్లు సడలించాడు. గింజ నేల మీద పడింది. దాని పక్కనే పరబ్రహ్మం చెప్పు ఉంది.

"అరెరే! తొక్కకుండ్రి!" వెంకటనర్సయ్య ఒక్క గెంతులో వంగి గింజని ఏరుకుని కళ్లకద్దుకున్నాడు. "యాదగిరిగుట్ట అక్షింతలయ్యా ఇవి!"

మైత్రేయి తల తిప్పి నిర్మాత కేసి చూసింది.

"అక్షింతలని ఎవరికైనా తెలుస్తుంది," అన్నాడు పరబ్రహ్మం మెల్లగా. "ఏ గుట్టవో మాత్రం తెచ్చినవాళ్లకే తెలుస్తుంది. గుట్టు బయటపడింది నర్సయ్య గారూ."

వెంకటనర్సయ్య జేబులోంచి చిన్న భరిణె తీసి బల్ల మీద పెట్టాడు. బోర్లు తవ్వించిన మనిషి తన గొయ్యి తానే తవ్వుకున్నట్టు నిలబడ్డాడు.

"ఏం జేద్దు సార్. బిడ్డకు ఒట్టేసిన. గని మనసూకోలే. క్లైమాక్స్ షాటు మొదలువెట్టిన దినం సంది, అందరు బువ్వకు పోంగనే వచ్చి, నెత్తి మీద నాలుగు గింజలేసి దండం పెట్టి పోతున్న. ఇంట్ల పెండ్లికొడుకు మీద ఎయ్యమా? గట్లనే. దీవించిన గని, ఖరాబు జేస్తననుకోలే." మైత్రేయి వైపు చూశాడు. కళ్లు నిలవలేదు. "తప్పైంది బిడ్డా. నీ మీద అనుమానపడ్డ."

మైత్రేయికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ కొద్దికొద్దిగా చేసింది. మిగతా గింజలు ఏరేసి, నేతిజిడ్డు తుడిచేసి, రేకు బిగించింది. పరీక్ష కోసం బరువైన బొమ్మ ఒకటి నడిపింది. అరవై. అరవై ఎనిమిది. అక్కడే ఆగింది. కదలలేదు.

"ఇన్నాళ్లూ నా మీద జనం అక్షింతలు వేశారు. అక్షింతల మీద నేను కేసు గెలవడం ఇదే మొదలు," అన్నాడు పరబ్రహ్మం.

వెంకటనర్సయ్య ఆనందం పట్టలేక బిర్యానీ తెప్పించాడు. "ముందుగాల తినుండ్రి. తిన్నంకనే షాటు షురూ జేద్దాం. తిరుమలేశూ, నువ్వు గూడ రా."

"నేను తినను సార్. శనివారం కదా, ఒక్కపొద్దు." తిరుమలేశ్ ముఖం వాడిపోలేదు. ఓడిపోయినవాడి ముఖంలా అస్సలు లేదు. "మీరు తిని రండి. మిషన్‌కి నేను కాపలా ఉంటాను."

పక్క గదిలో భోజనం చాలాసేపే సాగింది. ఈసారి వెంకటనర్సయ్య ఎక్కడికీ పోలేదు. ముక్క వెనక ముక్క వడ్డిస్తూ, రెండో సినిమా ఎందుకు ఆడలేదో చెబుతూ కూర్చున్నాడు. పెరుగన్నంలోకి వచ్చేసరికి తిరుమలేశ్ తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"కంగ్రాట్స్ అంకుల్. ఈ రౌండ్ మీది." చెయ్యి కలిపి మరీ ఊపాడు. "నర్సయ్య సార్, నా సెక్యూరిటీ తాళం తీసేసుకున్నాను. ఇంక దాంతో పనిలేదుగా. వస్తా."

మెట్లు దిగిపోయాడు. కారు కదిలిన చప్పుడైంది.

పరబ్రహ్మం బొమిక పట్టుకుని అలాగే ఉండిపోయాడు. గెలిచింది తను. మరి ఇల్లెక్కి అరవాల్సినంత సంతోషం అతనికెందుకు? సినిమా ఇంకా పెట్టెలోనే ఉంటే కాపలా తాళం ఎందుకు తీసుకుపోయాడు? ఇంకేదో కూడా ఉంది. టై మీద... పొరలు...

"ఒక్కపొద్దు అన్నవాడు పొద్దున్న ఎగ్ పఫ్ ఎలా తిన్నాడు?"

బొమిక కంచంలో పడింది. పరబ్రహ్మం చేతులైనా కడుక్కోకుండా గ్రాఫిక్స్ గదిలోకి పరిగెత్తాడు.

పెట్టె పక్క నిలబడితే వేడిగాలి మోకాలికి తగిలింది. బాగుపడిన ఫ్యాను మిక్సీలా రొద పెట్టి, అప్పుడే నెమ్మదిస్తోంది. తెర మీద డెబ్భై తొమ్మిది. డెబ్భై ఆరు. డెబ్భై మూడు.

"షాటు మొదలుపెట్టి వచ్చావా అమ్మా?"

"లేదు సార్! ఖాళీగా వదిలేసి వచ్చాను. నలభై ఐదు ఉండాలి." మైత్రేయి కుర్చీలో కూలబడి మౌస్ అందుకుంది. ఏవో రెండు మూడు చోట్ల నొక్కింది. ఒక చిన్న గడి తెరుచుకుంది. చదువుతుంటే ఆమె ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"మొత్తం సినిమాని ఒక చిన్న ఫైలుగా కుదించారు సార్. ఆ పని చేసింది ఈ కార్డే. ఆ ఫైలు వెనకున్న తాళంలోకి పోయింది. అది తాళం కాదు, పెన్‌డ్రైవ్. రోజూ మేం భోజనానికి లేవగానే దానంతటదే మొదలయ్యేట్టు పెట్టారు. వారం నుంచీ, పుల్ల లేని బుధవారం తప్ప, రోజూ మొదలైంది, రోజూ మధ్యలో ఆగిపోయింది. ఇవాళ..." గడిలో చివరి వరుస మీద వేలు పెట్టింది. "ఇవాళ రెండూ నలభైకి పూర్తయింది. నా పేరుతో. నా పాస్‌వర్డ్‌తో."

పరబ్రహ్మం నుదురు కొట్టుకున్నాడు. చేతికున్న మసాలా నుదుటికంటింది.

"నర్సయ్య గారూ! వాడు రోజూ మీ సినిమాని మూట కట్టాడు. మీ అక్షింతలు రోజూ ఆ మూట విప్పేశాయి. కార్డు ఆరిపోబట్టే సినిమా ఇంతకాలం ఇంట్లో ఉంది. దొంగకి అడ్డంగా ఉన్న ఆ ఒక్క గింజని పట్టకారు పెట్టి మరీ తీసి పారేసిన మహానుభావుణ్ని నేను!"

వెంకటనర్సయ్య ముందుకి వంగాడు. తెర మీద మైత్రేయి పేరు చూస్తున్నాడు. తర్వాత మైత్రేయిని చూశాడు. పొద్దుటి అనుమానం మళ్లీ వచ్చి ఆ కళ్లలో కూర్చుంది. ఆమె అది గమనించింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఎస్సై హనుమంతు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు.

"మైత్రేయి అంటే ఎవరు? సినిమా కాపీ తీసి అమ్ముకున్నవని కంప్లైంట్ ఉన్నది. నడువమ్మా స్టేషన్‌కు. గా కంప్యూటర్ గూడ జప్తు. స్విచ్ తియ్యరా."

కానిస్టేబుల్ చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. పరబ్రహ్మం ఆ చేతిని బిర్యానీ చేత్తోనే పట్టుకున్నాడు.

"ఆగు బాబూ. ఎస్సై గారూ, ఒక్క ప్రశ్న. కంప్లైంట్ ఎవరిచ్చారు? ఎప్పుడు?"

"తిరుమలేశ్ అని, సెక్యూరిటీ ఆయన. పొద్దుగాల స్టేషన్‌కొచ్చి రాసిచ్చిండు. మంచోడు, నాకు చాయ్, ఎగ్ పఫ్ గూడ తెప్పిచ్చిండు. ఇద్దరం కల్సే తిన్నం."

"కాపీ అయిపోయిందని రాశాడా? అవుతుందేమోనని రాశాడా?"

"అయిపోయిందనే రాసిండు. సంతకం గూడ ఉన్నది."

పరబ్రహ్మం తెరని ఎస్సై వైపు తిప్పాడు. "ఇది చదవండి. నిన్నటిదాకా ప్రతి కాపీ మధ్యలో చచ్చిపోయింది. మొదటి పూర్తి కాపీ పుట్టింది ఇవాళ మధ్యాహ్నం రెండూ నలభైకి. పుట్టని బిడ్డకి పొద్దున్నే దొంగతనం అంటగట్టినవాడు మీకు పఫ్ పెట్టాడు!"

హనుమంతు రెండుసార్లు చదివాడు. పొద్దున తిన్న పఫ్ ఇప్పుడు అడ్డంపడినట్టు గొంతు సవరించుకున్నాడు.

"ఎంతసేపైంది ఆయన పోయి?"

"పెరుగన్నం అంతసేపు," అన్నాడు పరబ్రహ్మం. "చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో ఉంటాడు. జేబులో ఉన్న పెన్‌డ్రైవ్ పుల్లలో సినిమా మొత్తం ఉంది. సాయంత్రానికి వీధివీధిలో సీడీలుంటాయి."

"జీపు తియ్యుండ్రి!" అని అరిచి, ఎస్సై మైత్రేయి వైపు వేలు చూపించాడు. "నువ్వు గూడ ఎక్కు. పేరు నీదే ఉన్నది గదా. గా పుల్ల దొరికితే సాక్షివి. దొరక్కుంటే ముద్దాయివి."

మైత్రేయి ముందుకు నడిచింది. తల దించలేదు. గుమ్మం దగ్గర వెంకటనర్సయ్య ఆమెకి అడ్డం వచ్చాడు. ఆయన కళ్లలో అనుమానం లేదు, నీళ్లున్నాయి. "నేను గూడ వస్త బిడ్డా. పిక్చర్ పోతే పోనీ. నిన్ను మాత్రం ఆడ ఒక్కదాన్ని కూసోనియ్య," అన్నాడు.

కింద జీపు గుర్రుమంది. బానెట్ సందుల్లోంచి వేడి ఆవిరి పొగలా లేస్తోంది. అందరూ ఎక్కుతుంటే వెంకటనర్సయ్య మాత్రం ముందువైపుకి పోయి, కళ్లు మూసుకుని, భరిణెలోంచి చిటికెడు తీసి బానెట్ మీదికి చెయ్యెత్తాడు.

పరబ్రహ్మం జీపులోంచి దూకినంత పని చేశాడు.

"వద్దు నర్సయ్య గారూ! దానికీ ఫ్యానుంది!"